జనాబాయి పేర రెండో స్నానం

లెస్టర్, ఇంగ్లండ్
20 ఫిబ్రవరి 2005

శ్రీ వెంకట్రావ్ గారికి,

రాజన్న రాసేది. పేరు చూడగానే చించి పారేయకండి. చివరిదాకా చదివి, ఆ తర్వాత మీ ఇష్టం.

మీ అక్క జనాబాయి జనవరి ముప్పయ్యో తారీఖున, ఆదివారం మధ్యాహ్నం చనిపోయింది. రెండేళ్లుగా కిడ్నీల బాధ. తాను ఇన్నేళ్లు నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే, తనకు తెలిసిన వార్డులోనే పోయింది. ఆఖరి వారం ఇంగ్లీషు మొత్తం మరిచిపోయింది. మీ ఊరి మాటలే వచ్చేవి. అక్కడి నర్సులకు అర్థం కాక నన్ను పిలిపించేవారు. "వెంకటి అచ్చిండా? దుకాణం బంద్ చేసి అచ్చిండా, అట్లనే ఇడిసిపెట్టి అచ్చిండా?" అని అడిగింది. బంద్ చేసే వస్తున్నాడని చెప్పాను. అబద్ధమే. ఆ మాటకు ఆమె ముఖం తేటపడింది.

మీ దుకాణం చిరునామా ఆమెకు నోటికి వచ్చు. అందుకే ఈ ఉత్తరం దుకాణానికి రాస్తున్నాను.

ఆమె నన్ను చేసుకున్నదన్న వార్త నాందేడ్‌కు చేరిన మర్నాడే మీ నాన్న గోదావరి ఘాట్‌కు పోయి, కూతురు చచ్చిపోయిందని స్నానం చేశారనీ, మిమ్మల్నీ కులపెద్దలనూ వెంటబెట్టుకు పోయారనీ నిజామాబాద్ నుండి మా అన్న అప్పుడే రాశాడు. మేం చర్చికి పోయేవాళ్లం, మీరు బట్టల వ్యాపారులు. మా ఇంటి గడప మీవాళ్లు తొక్కరని నాకు ముందే తెలుసు. కానీ బతికున్న మనిషికి ఆ స్నానం చేస్తారని తెలియదు. జనాబాయి ఆ ఉత్తరం చదివి మడతపెట్టి డ్యూటీకి పోయింది. నా ముందు ఏడవలేదు.

ఇప్పుడు పని సంగతి. ఆమె వీలునామా రాసింది. మేమున్న ఇంట్లో ఆమె భాగం నాకు. జీతంలో దాచుకున్న డబ్బంతా మీకు. మన లెక్కలో పన్నెండు లక్షల దాకా వస్తుంది. "నా తమ్ముడు వెంకటికి" అనే రాయమంది కాని, ఇక్కడి వకీలు ఒప్పుకోక పూర్తి పేరు పెట్టించాడు. కోర్టు అనుమతి వచ్చి అంతా తేలేసరికి ఐదారు నెలలు పడుతుంది. దాన్ని తెమిల్చే బాధ్యత నాది.

ఇంకొకటి వీలునామాలో లేదు, నోటితో చెప్పింది. ఆమె అన్నట్టే రాస్తున్నాను. "వెంకటి ఇంకొక్కపారి నా పేర గంగల తానం చెయ్యాలె. అప్పుడు చేసింది లెక్కల రాదని చెప్పు. నేను సచ్చినంక చేసిందే తానం." ఆమెకు గోదావరే గంగ. ఇది చెప్పి నవ్వింది కూడా.

ఫోన్ చేయకండి. బనియన్ల మిల్లులో యంత్రాల మధ్య పాతికేళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాను. మీరు అరుస్తారు, నేను 'ఆఁ' అంటాను, అంతే మిగులుతుంది.

మీకు నేను ఏమవుతానని రాసుకోవాలో తెలియక పేరు మాత్రమే రాస్తున్నాను.

రాజన్న


నాందేడ్
16 మార్చి 2005

శ్రీయుత రాజన్న గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. నేను చదివింది మరాఠీ బడిలో. తెలుగు మాట్లాడటమే కాని రాయటం కుదరదు. అందుకని నా భార్య ఉమాబాయి చేత రాయిస్తున్నాను. ఆమె బోధన్‌లో తెలుగు బడిలో చదువుకున్నది. మాటలు నావి, అక్షరాలు ఆమెవి.

సంగతి తెలిసింది. భగవంతుడి ఇచ్ఛ.

దాపరికం లేకుండా చెప్తాను. మా దుకాణం ఉన్న జాగా మాది కాదు, కిరాయిది. యజమాని పోయాడు, కొడుకులు అమ్ముకుంటున్నారు. దీపావళి లోపల కొంటే కొను, లేకుంటే ఖాళీ చెయ్యి అంటున్నారు. మా నాన్న జీవితమంతా కూర్చున్న గద్దె అది. నాకు ఇంకో పని రాదు. మా అబ్బాయి అభయ్‌కి అసలు ఏ పనీ రాదు. కాబట్టి మీరు రాసిన డబ్బు నాకు అక్కరలేదని గొప్పలు పోను.

అయితే అందులో చేతికి వచ్చేదెంత? మా ఎదురు దుకాణం రామచందర్ నాలుగూళ్ల సంగతులు తెలిసినవాడు. మా పేరు రానీయకుండా, ఎవరిదో సంగతన్నట్టు అడిగాను. "అరె వెంకట్రావ్, విలాయత్ల మనిషి సస్తె ఆడి సర్కార్ నూటికి నలభై గుంజుకుంటది. ఈడికి అచ్చినంక మన సర్కార్ ముప్పై గుంజుకుంటది. మిగిలింది వకీల్లు తింటరు. వారసునికి చాయ్ పైసలు మిగుల్తయి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చనిపోయిన మనిషి మీద పన్నేంది, ఆమె బతికున్నప్పుడు కట్టలేదా?

అక్కడ ఎవరు ఎంత కోసుకుంటారో కాగితం మీద పెట్టి పంపండి. మిమ్మల్ని అనుమానించి కాదు. వ్యాపారస్తుణ్ణి, లెక్క అడగటం అలవాటు.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలైనాయి.

వెంకట్రావ్

అన్నా, ఇది ఉమాబాయి రాసేది. ఆయనకు చెప్పకుండా, కవరు అంటించే ముందు రాస్తున్నాను. మీ ఉత్తరం చదివి వినిపించిన రోజు ఆయన దుకాణానికి పోలేదు. జ్వరమన్నారు. చెయ్యి పెట్టి చూశాను, ఒళ్లు చల్లగానే ఉంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, పెత్రమాసకు చచ్చిపోయిన పెద్దల పేర బియ్యం, కూరగాయలు అయ్యవారికి ఇస్తుంటే అందులో జనాబాయి పేరు విన్నాను. ఎవరని అడిగితే చిన్ననాడే పోయిన ఆడబిడ్డ అన్నారు. ఏటేటా నా చేత్తోనే ఆమె పేర బియ్యం కొలిచి ఇచ్చాను. మా అత్త ఎంకవ్వ చనిపోయే ముందు నా చెయ్యి పట్టుకొని, "పోరి బతికే ఉన్నదే" అని చెప్పింది. ఆమె ఎట్లా ఉండేదో ఒక ఫోటో పంపండి.


లెస్టర్
24 ఏప్రిల్ 2005

వెంకట్రావ్ గారికి,

మీ రామచందర్ గారు చెప్పింది సగం నిజం. సగం నిజంతోనే మనిషికి నిద్ర పట్టదు.

ఈ దేశంలో చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను ఉంది. నూటికి నలభై అన్నదీ నిజమే. కాని అది సర్కారు పెట్టిన ఒక హద్దు దాటిన పై సొమ్ము మీదే. భార్య నుండి భర్తకు వచ్చేదాని మీద అసలు లేదు. జనాబాయి దాచుకున్నది ఆ హద్దుకు ఆమడ దూరంలో ఉంది. కాబట్టి ఇక్కడ కోసుకునేది ఏమీ లేదు. వకీలు ఫీజు నేను కట్టుకున్నాను.

మన దేశం సంగతి మా వీధిలో ఉన్న గుజరాతీ అకౌంటెంటును అడిగాను. అక్కడా ఒకప్పుడు అట్లాంటి పన్ను ఉండేదట, ఎనభై ఐదులో తీసేశారట. వీలునామా ద్వారా వచ్చిన సొమ్మును మీ ఆదాయంలో కలపరు. బ్యాంకులో వేసుకున్నాక దాని మీద వచ్చే వడ్డీకి మాత్రం మీరు పన్ను కట్టుకోవాలి.

కానీ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాడు. అది వీలునామా సొమ్మేనని తెలిసేటట్టు కాగితాలు వెంట ఉండాలి. ఆమె మరణ పత్రం, వీలునామా నకలు, ఆమె పేరు. ఎందుకంటే కిందటి సెప్టెంబరు నుండి అక్కడ కొత్త నియమం వచ్చిందట. బయటివాళ్లు ఎవరైనా ఊరికే ఇరవై ఐదు వేలకు మించి ఇస్తే అది ఆదాయం కిందే లెక్క, పన్ను పడుతుంది. చుట్టాలు ఇస్తే పడదు. ఎవరెవరు చుట్టాలో ఒక పట్టీ కూడా రాసిపెట్టారట. అందులో అక్క ఉంది. అక్క మొగుడూ ఉన్నాడు. ఇన్నాళ్లకు నన్ను మీ చుట్టమని ఢిల్లీలో ఎవరో రాశారు చూడండి. అకౌంటెంటు ఎదుటే నవ్వాను. ఆయనకు ఎందుకో అర్థం కాలేదు.

నేను ఆమెతో కాపురం మొదలుపెట్టిన కొత్తలో మిల్లులో నేసిన బనియన్ ఒకటి ఇంటికి తెచ్చాను. దాన్ని అటూ ఇటూ లాగి చూసి, "మా వెంకటి గిసొంటియి మూటెడు రెండు దినాలల్ల అమ్ముతడు, మంచి బేరగాడు" అంది. అప్పటికి మీకు పంతొమ్మిదేళ్లు. ఆమె లెక్కలో చివరిదాకా అదే వయసులో ఉన్నారు.

డబ్బు సంగతి మీరు అడిగారు, నేను చెప్పాను. స్నానం సంగతి నేను అడిగాను, మీరు చెప్పలేదు.

ఫోటో పంపుతున్నాను. ఉమాబాయి గారికి నా ఆశీస్సులు.

రాజన్న


నాందేడ్
29 మే 2005

రాజన్న గారికి,

పన్ను లేదన్న మాట విని గుండె కుదుటపడింది. మీరు పూర్తి లెక్క రాశారు, సంతోషం.

అయితే మీరు చెప్పిన దారిలో డబ్బు రావటానికి వీలు లేదు. కోపం తెచ్చుకోకుండా వినండి. మా ఖాతా ఉన్న బ్యాంకులో గుమాస్తా రామచందర్ అల్లుడు. జనాబాయి మరణ పత్రం, అదీ రెండువేల ఐదులో చనిపోయినట్టు ఉన్నది, పొద్దున బ్యాంకులో ఇస్తే సాయంత్రానికి బజారంతా చదువుతుంది. ఆనాడు మా నాన్న స్నానంతో ఊరుకోలేదు. పన్నెండో రోజున కులం మొత్తానికి భోజనం పెట్టాడు. ఆ భోజనం తిన్నవాళ్ల పిల్లలు ఇప్పుడు నా గిరాకీలు. ఈ ఉగాదికి మా కుల సమాజ్ నన్ను తగవులు తీర్చే పంచుల్లో ఒకణ్ణిగా కూర్చోబెట్టింది. వెంకట్రావ్ తండ్రి అబద్ధపు చావుకు అన్నం పెట్టాడని అంటే నేను ఆ చాప మీద కూర్చోగలనా?

కాబట్టి నా మాట వినండి. ఆ డబ్బు ముందు మీ ఖాతాలోకి తీసుకోండి. అక్కడి నుండి మీ పేరు మీదనే నాకు పంపండి. ఆమె పేరు ఎక్కడా రానీయకండి. ఎవరైనా అడిగితే తెలిసినవాళ్లం అనండి, చాలు. డబ్బు అదే, దారి వేరు. దానితో ఏం పోయింది?

స్నానం గురించి ఇక రాయవద్దు. ఒక మనిషికి రెండుసార్లు ఎవరూ చేయరు. ఘాట్ మీద అయ్యవారు ఎవరి పేర అని అడిగితే ఏం చెప్పాలి?

వెంకట్రావ్

అన్నా, రాయమన్నది రాశాను. నాకు నచ్చలేదని ఆయన ముందే చెప్పి, ఆయన ముందే ఈ మాట కింద రాస్తున్నాను. ఫోటో బీరువాలో పెట్టారు. ముక్కు అచ్చం మా అమ్మాయి ప్రాజక్త ముక్కే. - ఉమాబాయి


లెస్టర్
3 సెప్టెంబర్ 2005

వెంకట్రావ్ గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. నిన్న పంపాను, వారంలో మీకు చేరుతుంది.

బ్యాంకులో కౌంటర్ దగ్గరి అమ్మాయి గట్టిగా అడిగింది, డబ్బు అందుకునే మనిషి మీకేమవుతారని. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. జవాబు నా నోటిదాకా వచ్చింది. మీ ఉత్తరం గుర్తుకొచ్చి, "ఏమీ కాడు, తెలిసినవాడు" అన్నాను. ఆ అమ్మాయి అదే రాసుకుంది. నేను సంతకం పెట్టాను. ఇంటికి వచ్చి అన్నం వండుకోబుద్ధి కాలేదు. జనాబాయి ఉంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు.

అకౌంటెంటుకు చెప్తే తల పట్టుకున్నాడు. "నిక్షేపంలాంటి వారసత్వాన్ని పరాయివాడి బహుమానం చేశారు" అన్నాడు. ఏప్రిల్‌లోనే మీకు రాశాను. కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి. కావలసిన రోజు రాయండి, పంపుతాను.

ఆమె అప్పజెప్పిన రెండు పనుల్లో ఒకటి అయింది. రెండోది నా చేతిలో లేదు. మీరు దాని గురించి రాసేదాకా నేను రాసేది ఏమీ లేదు.

రాజన్న


నాందేడ్
18 జులై 2007

రాజన్నా,

ఉమాబాయి 'గారు' పెడతానంది. నేను వద్దన్నాను. 'నువ్వు' అనే రాయమన్నాను.

నువ్వు చేసిన పనికి నా మెడకు ఉరి పడింది. ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు నుండి నోటీసు వచ్చింది. ఖాతాలో విదేశం నుండి ఇంత డబ్బు పడింది, ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని. తెలిసిన ఆయన ఇచ్చారు, చుట్టరికం ఏమీ లేదు అని రాసిచ్చాను. నువ్వూ అక్కడ అదే రాశావు కదా, ఇద్దరి మాటా ఒకటే ఉంటుందనుకున్నాను. ఆ సాహెబ్ కుర్రవాడు, మర్యాదస్తుడే. నా ముఖం చూసి, "పరకా మాణూస్ ఎవఢే పైసే కా దేఈల్, కాకా?" అన్నాడు. పరాయి మనిషి ఇంత డబ్బు ఎందుకు ఇస్తాడు అని. పరాయివాడు ఇచ్చాడు కాబట్టి మొత్తం ఆదాయమే, నియమం అదే అన్నాడు. పన్ను, దాని మీద వడ్డీ కలిపి నాలుగు లక్షలు దాటుతుంది.

ఎక్కడి నుండి తేవాలి? వచ్చిన డబ్బంతా దుకాణం జాగాలో పోశాను. ఇప్పుడు ఆ దుకాణమే అమ్మి పన్ను కట్టాలి. ఏ గద్దె నిలుపుకోవటానికి ఆ డబ్బు ముట్టుకున్నానో, ఆ గద్దె ఆ డబ్బు వల్లనే పోతున్నది.

నువ్వు కావాలనే చేశావు. పట్టీలో అక్క మొగుడు ఉన్నాడని నువ్వే రాస్తివి. మళ్లీ బ్యాంకులో తెలిసినవాడని నువ్వే రాయిస్తివి. నేను చెప్పాను నిజమే. నేను బజారులో కూర్చునే మనిషిని, నాకేం తెలుసు? నీకు తెలుసు కదా! ఇన్నేళ్ల కోపం ఒక్క సంతకంతో తీర్చుకున్నావు.

మా టాక్స్ వకీల్ సాబ్ ఇంకా ఒక దారి ఉందంటున్నాడు. మరణ పత్రం, వీలునామా, కోర్టు కాగితం తెప్పించు, నీ మొదటి మాట తప్పని ఒప్పుకొని, ఆమె నా సొంత అక్క, ఇది ఆమె ఇచ్చిన వారసత్వం అని ప్రమాణ పత్రం రాసివ్వు అంటున్నాడు. మా రేషన్ కార్డులో ఆమె పేరు లేదు, అందుకని ఆమెను ఎరిగిన కులపెద్దలు ఇద్దరు కూడా సంతకం పెట్టాలట. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? ఆనాడు ఘాట్ మీద మా పక్కన నిలబడి తడిసినవాళ్లలో మిగిలింది ఇద్దరే. ఈ రామచందర్, ఉమ్రిలో ఉండే శివన్న మామ. చచ్చిపోయిందని నాతో పాటు మునిగినవాళ్ల దగ్గరికి పోయి, లేదు, మొన్నటిదాకా బతికే ఉంది, సంతకం పెట్టండి అని అడగాలా? దుకాణం పోయినా తల ఎత్తుకొని తిరగొచ్చు. ఇది అడిగితే తిరగలేను.

వెంకట్రావ్

అన్నా, ఆయన మాటలకు నొచ్చుకోకండి అని రాయటానికి కూడా నాకు చెయ్యి రావటం లేదు. కాగితాలు పంపండి. - ఉమాబాయి


లెస్టర్
9 ఆగస్టు 2007

వెంకట్రావ్ గారికి,

మీరు 'నువ్వు' అన్నందుకు నాకు కోపం రాలేదు. నన్ను 'నువ్వు' అని ఈ ఊళ్లో తెలుగులో అనేది ఒక్కతే ఉండేది. ఆమె పోయాక ఇదే మొదటిసారి.

మిగతా ఉత్తరానికి మాత్రం కోపం వచ్చింది. కావాలని చేశానా? మీ మాట కాదని ఆమె పేరుతోనే పంపివుంటే మీరు డబ్బు వెనక్కి కొట్టేవారు, దుకాణం ఆ దీపావళికే పోయేది. ఆమె ఇచ్చింది మీకు చేరాలని నా భార్యను నా నోటితోనే కాదన్నాను. పెళ్లికి ముందూ పెళ్లి తర్వాతా నేను చేసిన తప్పుడు పని అదొక్కటే. అది మీ కోసం చేశాను.

ఉమాబాయి గారు నన్ను క్షమించాలి, ఆమె రహస్యంగా రాసిన సంగతి ఇప్పుడు బయటపెడుతున్నాను. పెత్రమాసకు మీరు ఏటేటా జనాబాయి పేర బియ్యం ఇస్తున్నారట. ఆ రోజుల్లో ఇక్కడ జనాబాయి ఏం చేసేదో తెలుసా? డ్యూటీ నుండి వచ్చి, కాళ్లు నొప్పులని సోఫాలో కూలబడి, నేను వండిన అన్నంలో పచ్చడి కలుపుకొని తిని, ఉప్పు తక్కువైందని తిట్టేది. మీరు అక్కడ అయ్యవారికి ఇచ్చిన బియ్యం ఎవరికి చేరిందో నాకు తెలియదు. ఇప్పుడు నిజంగా ఆకలిగొన్న మనిషికి మీరు ఒక్క మునక మునగలేరు.

ఈ కవరులో రెండు ఉన్నాయి. ఒకటి మీరు అడిగిన కాగితాలు. మరణ పత్రం, వీలునామా, కోర్టు అనుమతి, ఆమె సొమ్ము నా ఖాతా గుండా మీకు వచ్చినట్టు చూపే లెక్క. మా పెళ్లి పత్రం నకలు కూడా పెట్టాను.

రెండోది డ్రాఫ్టు. మీరు కట్టవలసిన పన్నుకు సరిపోతుంది. ఇల్లు బేరం పెట్టాను, ఒంటిగాడికి అంత ఇల్లెందుకు? ఒక గది చాలు. బయానా చేతికి వచ్చింది, అందులోది ఇది. ఇది తీసుకుంటే మీరు రామచందర్ దగ్గరికి గాని శివన్న దగ్గరికి గాని పోనక్కరలేదు. దుకాణం నిలుస్తుంది, తల కూడా నిలుస్తుంది. కాకపోతే ఇది ఎవరిచ్చారని మళ్లీ అడుగుతారు. ఆ జవాబు మీరే వెతుక్కోండి.

రెండిట్లో ఏదో ఒకటి వాడుకోండి. డ్రాఫ్టు వాడుకుంటే జనాబాయి మీ లెక్క ప్రకారం ఆనాడే చనిపోయినట్టు. నేను మళ్లీ అడగను.

రాజన్న


నాందేడ్
14 అక్టోబర్ 2007

బావా,

గిది నా సొంత చేతిరాత. అక్షరాలు వంకర పోయినయ్, సగం మరాఠీ లెక్క ఉన్నయ్. ఉమ సరిచేస్త అన్నది. వద్దన్న. నువ్వే కూడబలుక్కొని సదువు.

నీ కవర్ అచ్చిన దినం పెద్ద లొల్లి అయింది. ఉమ డ్రాఫ్ట్ నా ముంగట పెట్టి, "తీస్కో, ఆమె ఇల్లు గూడ తీస్కో" అని బువ్వ ముట్టలే. నేను నాలుగు దినాలు డ్రాఫ్ట్ అంగి జేబుల పెట్టుకొని తిరిగిన. అబద్ధం ఎందుకు చెప్పాలె, బ్యాంకు దాక గూడ పోయిన. లైన్ల నిలబడ్డ. నా నంబర్ అచ్చింది. రామచందర్ అల్లుడు డ్రాఫ్ట్ చూసి, "మామా, పంపినాయన మీకు ఏమైతడు?" అన్నడు. మల్ల గదే మాట బావా! ఆఫీసోడు గదే అడిగె, నిన్ను ఆ బ్యాంకు పిల్ల గదే అడిగె. నా నాలిక మీదికి 'తెలిసినాయన' అని అచ్చింది. నువ్వు ఇల్లు అమ్ముతున్నవ్, నేను నిన్ను తెలిసినాయన అనాలె. డ్రాఫ్ట్ గుంజుకొని బైటికి అచ్చిన.

సక్కగ రామచందర్ దుకాణంల పోయి కూసున్న. గిరాకీలు ఉన్నరు. ఉండనీ అనుకున్న. "రామచందర్, మా జనక్క సచ్చిపోయింది. రెండేండ్లు దాటింది. విలాయత్ల" అన్న. అన్నంక ఆని మొకం చూసుడు నాతోని కాలే. బట్ట తాన్ల దిక్కు చూసుకుంట కూసున్న.

ఆడు కొలుస్తున్న గజం బద్ద పక్కకు పెట్టి ఏమన్నడో తెల్సా? "అయ్యో, జనక్క పోయిందా. ఎట్ల పోయింది?" అన్నడు. అంతే. నాకు సమజ్ కాలే. "నీకు ఎర్కనా, బతికి ఉన్నదని?" అన్న. "బజార్ల ఎవలికి ఎర్క లేదురా? నిజామాబాద్ దిక్కు సంబంధాలు లేనోల్లు ఎవలున్నరు మనల? నువ్వు ఇచారం చేస్తవని ఎవలం అనలే. నువ్వే అననిది మేం ఎట్ల అంటం?" అన్నడు.

బావా, ఎవలి కోసం దాచిన నేను? ఇన్నేండ్లు ఊరంత నా కోసం ఊకున్నది, నేను ఊరి కోసం ఊకున్న. నడుమల మా అక్క అక్కడ సచ్చిపోయింది.

రామచందర్ ఆ దినమే సంతకం పెట్టిండు. ఇద్దరం కల్సి బండి ఎక్కి ఉమ్రి పోయినం. శివన్న మామకు కండ్లు కనిపిస్తలేవు, మనుమని చెయ్యి పట్టుకొని పెట్టిండు. "మీ నాయన అప్పుడు ఘాట్ కాడ ఏడ్సిండురా, నీళ్లల్ల మునుగుకుంట ఏడ్సిండు గనుక నువ్వు చూడలే" అన్నడు. నాకు గది ఎర్కనే లేదు.

ఆఫీసుల సాహెబ్ కాగితాలన్ని చూసిండు. "సఖ్ఖీ బహీణ్?" అని అడిగిండు, సొంత అక్కనా అని. "హో, సఖ్ఖీ బహీణ్" అన్న. ఆడ అందరి ముంగట, ఆఫీసుల, కుర్సీల కూసొని ఏడ్సిన. సిపాయి నీళ్లు తెచ్చిచ్చిండు. ముందుగాల తప్పు ఎందుకు రాసిచ్చినవ్ కాకా అని సాహెబ్ కొంచెం గరం అయిండు గని, వీలునామాల అచ్చింది ఆదాయం కాదు, లెక్క సరిగ్గనే ఉన్నది అన్నడు. ఆర్డర్ ఇంక చేతికి రాలే. వకీల్ సాబ్ బేఫికర్ ఉండుమంటున్నడు. రాకున్నా సరే. నేను అనాల్సింది అన్న.

నీ డ్రాఫ్ట్ గిండ్లనే పెట్టి పంపుతున్న. ఇల్లు అమ్మకు. బయానా వాపస్ ఇయ్యి. ఆమె తిరిగిన ఇల్లు, నేను ఒక్కపారి చూడాలె. ఉమ పాస్‌పోర్ట్ ఫారాలు తెప్పిచ్చింది, నాకు చెప్పకుంటనే.

మొన్న పెత్రమాస ఘాట్ మీదనే పెట్టుకున్నం, రామచందర్ గూడ అచ్చిండు. అయ్యవారు పేర్లు సదువుకుంట జనాబాయి కాడికి అచ్చిండు. ఆగుమన్న. "అయ్యా, గీ పేరు ఇన్నేండ్లు మీరు తప్పు సదివిన్రు, నేను తప్పు సదివిచ్చిన. ఈయేడే మొదలు. ముందుగాల నేను తానం చేసి అస్త" అన్న. అయ్యవారు నన్ను చూసిండు, రామచందర్‌ను చూసిండు, సదివే కాగితం మడిచిండు.

గంగల నీళ్లు నిండుగ ఉన్నయి. ఎండ పొద్దు. ఘాట్ మీద మస్తు మంది. రామచందర్ గూడ అంగి ఇడిసి నా పక్కకు దిగిండు. అభయ్ గూడ దిగిండు, మేనత్త అని ఆనికి ఇప్పుడే ఎర్క అయింది. ఎవల పేర అని అయ్యవారు మీదికెల్లి అడిగిండు. ఘాట్ మొత్తం ఇనేటట్టు చెప్పిన, మా అక్క జనాబాయి పేర, రాజన్న పెండ్లాం పేర అని.

తానం చేసిన, బావా. గిది అక్కను లెక్కల రాసుకోమను.

నీ బామ్మర్ది,
వెంకటి